కార్డులకు పెట్టిన బొట్టు

నాకు చిన్నప్పటి నుంచీ ఆగడం చేతకాదు. అన్నం ఉడుకుతుంటే మాటిమాటికీ మూత తీసి చూసి అమ్మ చేత తిట్లు తిన్నదాన్ని. అలాంటిదాన్ని పోయి పోయి కంప్యూటర్ కోర్సులో చేరాను.

డెబ్బైల మధ్యలో మా కాలేజీలో కంప్యూటర్ కోర్సు ఉండేది గానీ కంప్యూటర్ ఉండేది కాదు. అది పట్నానికి ఆ కొసన ఒక ఫ్యాక్టరీలో, చల్లటి గదిలో ఉండేది. ప్రోగ్రాంలో ఒక్కో వరుసకు ఒక్కో అట్టకార్డు. మిషన్ మీద ఆ కార్డులకు చిల్లులు పొడిచి, కట్ట కట్టి పెట్టెలో వేస్తే, వారానికొకసారి కాలేజీ జీపు ఆ పెట్టెను తీసుకుపోయేది. మళ్ళీ వారం అదే జీపులో జవాబు. తప్పు వస్తే దిద్దుకో, ఇంకో వారం ఆగు. ఈ చదువు కనిపెట్టినవాడెవడో నా మీద పగబట్టి కనిపెట్టాడని నమ్మేదాన్ని.

బోరబండ దాటాక గుట్టల నడుమ మా ఊరు. నాయిన జీడిమెట్లలో లేతు మిషన్ మీద పనిచేసేవాడు, సైకిల్ మీద పోయివచ్చేవాడు. నేను బస్సుకు పోవాలి. ఆ బస్సు దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. ఆ కోపంతోనే నా ఆఖరి ప్రోగ్రాం రాశాను: ఒక దారిలో ఇన్ని బస్సులు తిరిగితే ఏ స్టేజీ దగ్గర మనిషి ఎంతసేపు ఆగాలో లెక్కగట్టడం. సరైన జవాబు అచ్చయి వస్తేనే పరీక్షకు కూర్చోనిస్తారు. పరీక్ష అయిన వాళ్ళలోంచే ఆ ఫ్యాక్టరీవాళ్ళు పనిలోకి తీసుకుంటారు.

నా జవాబు మాత్రం అడ్డదిడ్డంగా వచ్చేది. మొదటి స్టేజీ బాగానే ఉండేది. పోను పోను ఆగే సమయం పెరిగిపోయి, చివరి స్టేజీ దగ్గర మనిషి రెండు రోజులు ఆగాలని వచ్చేది. మా లెక్చరర్‌గారు గోదావరి వైపు ఆయన. కాగితం చూసి, "రెండు రోజులేంటమ్మా, ఎడ్లబండి నయం కదా!" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఇంటికి వచ్చి ఆ అచ్చుకాగితాన్ని చింపి పొయ్యిలో పెట్టాను. కార్డులను ఎన్నిసార్లు తిరగేసినా తప్పు కనబడలేదు. కనబడాలంటే నిదానంగా చూడాలి కదా, నాకెక్కడిది నిదానం!

ఇంతలో నాయిన నాకొక నౌకరీ చూసిపెట్టాడు. పక్క ఊరి బడిలో పంతులమ్మ పని. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచేనాడే చేరాలి. "నీడపట్టున కూసొని చేసేటి పని బిడ్డా. గీ చిల్లుల కార్డులు ఏం కూడుబెడ్తయి?" అన్నాడు. కూర్చోవడం అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది. దసరా మర్నాడు పోయే జీపే నాకు ఆఖరిది. బడి తెరిచే ముందురోజు అది తిరిగొస్తుంది. ఆ జీపులో జవాబు సరిగ్గా రాకపోతే, మాట్లాడకుండా బడికి పోతానని నాయినకు ఒప్పుకున్నాను.

దసరా పొద్దున మేనత్త ఇంటికి పోయి వచ్చేసరికి వాకిట్లో ఆయుధపూజ అయిపోయింది. నాయిన పానాలు, సుత్తెలు, కొడవలి, తిరగలి, అన్నిటికీ పసుపు, కుంకుమ. వాటి పక్కన చాప మీద, ఎండలో, వరుసలు వరుసలుగా నా కార్డులు. ఒక్కోదానికి తడిపసుపు రాసి, మీద బొట్టు పెట్టి ఆరబోసింది అమ్మ.

చాప దగ్గరికి ఉరికాను. "ఏందమ్మా ఇది!"

"ఏందే గట్ల ఒర్లుతవు? మీ నాయిన పానాలకు పెట్టిన, తిరగలికి పెట్టిన. నీ పనిముట్టుకు పెట్టకుంటే ఎట్ల?"

"పెడితే పైదానికి ఒక్కదానికి పెట్టరాదా?"

"ఒక్కదానికి పెట్టి తక్కినయి ముండమోపి లెక్క ఉంచాల్నా? పండుగపూట ఏం మాటలే అవి!"

నాయిన పానాలు సర్దుకుంటూ, "పోనీతీయే. ఎట్లయినా బడిల చేరేదానివి, ఇగ గవెందుకు?" అన్నాడు. ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది. గుట్టెక్కి గట్టిగా అరిచి వద్దామనిపించింది. కానీ జీపు రేపే.

కార్డులు పట్టుజారి చెదిరిపోతే వరుస తెలియడానికి మేమంతా ఒక పని చేసేవాళ్ళం. కట్ట కట్టి, పైఅంచు మీద ఎర్ర పెన్సిల్‌తో ఏటవాలుగా ఒక గీత గీసేవాళ్ళం. గీత కలిసేటట్టు పేర్చుకుంటే చాలు, కార్డు చదవక్కర్లేదు. ఇప్పుడు నా ఎర్రగీత ఏదో, అమ్మ కుంకుమ ఏదో దేవుడికి కూడా తెలియదు. జవాబుతోపాటు ప్రోగ్రాం వరుసంతా అచ్చయి వచ్చే కాగితం చూసి పేర్చుకుందామంటే దాన్ని నా చేతులతోనే తగలబెట్టాను.

ఇక చేసేదేముంది? అరుగు మీద కూర్చుని ఒక్కో కార్డు చేతిలోకి తీసుకుని, నువ్వేం పని చేస్తావు, ఎవరి తర్వాత రావాలి అని అడుగుతూ పేర్చడం మొదలుపెట్టాను. మధ్యలో అమ్మ పాయసం తెచ్చి పక్కన పెట్టి, భయంభయంగా లోపలికి పోయింది. ఆగే సమయం మొత్తాన్ని సున్నా చేసే కార్డు చేతికొచ్చింది. ఇదెక్కడ పెట్టాలి? ఒక స్టేజీ లెక్క అయిపోయి కొత్త స్టేజీ మొదలయిన ప్రతిసారీ సున్నా కావాలి. అంటే, కొత్త స్టేజీ మొదలుపెట్టే కార్డు తర్వాత. మరి ఇన్నాళ్ళూ నేను దాన్ని అన్నిటికన్నా ముందు పెట్టాను కదా! ఒక్కసారే సున్నా అయి, ఆ తర్వాత స్టేజీల లెక్కలన్నీ ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఎర్రగీత చెరగకుండా ఉంటే ఆ తప్పునే మళ్ళీ పొందికగా పేర్చి పంపేదాన్ని.

"అమ్మా!" అని కేకేశాను. ఇంకేం విరిగిందోనని పరిగెత్తుకొచ్చింది. సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. సాయంత్రం జమ్మి ఆకు పంచుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ, "నేను బొట్టుపెడితేనే మిషిని తప్పు దొరికింది" అని చాటింపు వేసింది.

ఉబ్బిన కార్డులను రాత్రంతా నాయిన ఇనపదిమ్మె కింద పెట్టి మర్నాడు పట్టుకుపోయాను. లెక్చరర్‌గారు కట్ట చూసి తెల్లబోయారు. "ఏంటమ్మా ఇది, పేరంటానికి పిలుస్తున్నావా? ఇవి మిషన్లో ఇరుక్కుంటే నా ప్రాణం తీస్తారు!"

"ఇరుక్కోవు సార్. కుంకుమంతా గీకేసిన. ఇదే నా ఆఖరి జీపు సార్."

ఆయన పెట్టె వైపు చూశారు, నా వైపు చూశారు. "సరే, అన్నిటికన్నా అడుగున పెట్టు. ఇరుక్కున్నా మిగతావాళ్ళవి అయిపోయాక ఇరుక్కుంటుంది" అన్నారు.

ఆ వారం ఎలా గడిచిందో అడగొద్దు. బియ్యంలో రాళ్ళేరమంటే రాళ్ళు ఉంచి బియ్యం పారేశాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికైనా నడవాలనిపించేది. ఏమీ లేకపోయినా గుట్ట ఎక్కి బస్సు దారి చూసి దిగేదాన్ని. "కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతవేందే? జర కూసో" అని అమ్మ మొత్తుకునేది. కార్డులు మిషన్లో నలిగినట్టు, చిరిగినట్టు కళ్ళముందు కనబడేవి. అంతలోనే నల్లబోర్డు మీద సుద్దముక్కతో ఎక్కాలు రాస్తున్నట్టు కనబడేది. రెండోదే ఎక్కువ భయపెట్టేది.

జీపు వచ్చింది. లెక్చరర్‌గారు కాగితం మడత విప్పి, వేలు పెట్టి ఒక్కో స్టేజీ దిగుతూ పోయారు. చివరి స్టేజీ దగ్గర వేలు ఆగింది. "మనుషులు ఆగగలిగేంతే వచ్చిందమ్మా," అన్నారు. "నాలుగు కార్డులు ఇరుక్కున్నాయట. అక్కడ కంప్యూటర్‌కు కూడా దసరా బొట్టు పెట్టి ఉందట. అందుకని ఏమీ అనలేక చేత్తో తీసి మళ్ళీ వేశారట." నేను నవ్వానో ఏడ్చానో ఆయనకే తెలియాలి.

ఇంటికొచ్చి కాగితం చూపించాను. అయినా నాయిన మొండిపట్టు వదల్లేదు. ఒప్పందం ఒప్పందమే కదా అంటే, "చదువు గెలిచినవు, మంచిదే. గాని ఆ ఫ్యాక్టరీకి అంత దూరం ఒక్కదానివి రోజూ పోయి వస్తవా? రేపు బడికి నేనే తోల్కపోత" అన్నాడు. తెల్లారి ఉతికిన అంగీ వేసుకుని సైకిల్ బయటికి తీశాడు. ఎప్పుడూ ఒక్కచోట నిలవని నేను, ఆ పూట గడపలో కొయ్యలా నిలబడ్డాను.

అమ్మ చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. "బడికి పోదు అది," అంది.

"నువ్వు నడుమ రాకు."

"నడుమ రాకుండ ఎట్ల? దసరానాడు నీ పానాలతోని సమానంగ దాని కార్డులకు నేను పూజ చేసిన. పూజ చేసిన పనిముట్టును మూలకేస్తరా? నువ్వు నీ పానాలను ఏస్తవా?"

నాయిన సైకిల్ పట్టుకునే నిలబడ్డాడు. పెడల్‌ను కాలితో ఒకసారి వెనక్కి తిప్పాడు. నా మొహం చూడకుండానే అడిగాడు:

"ఆ ఫ్యాక్టరీకి ఏ బస్సు పోతదట?"