సీలు తెగని బ్యాటరీ పెట్టె

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నేను నమ్మేది కాగితం. ఎవరేమన్నా తేదీ వేసి డైరీలో రాసుకుంటాను. ఊళ్లో నన్ను వెనకాల ‘అర్జీల కోటయ్య’ అంటారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో కూడా రాసిపెట్టుకున్నాను.

మాది దాచేపల్లి దగ్గర పల్లె. మిరప, కొంచెం పత్తి వేస్తాం. మా ఆవిడ సుబ్బులుకి మంగళ, శుక్రవారాలు నరసరావుపేటలో డయాలసిస్. తిరిగొచ్చేటప్పుడు ఇంజను పొగ వాసన తగిలితే దారంతా వాంతులే. పూర్తి కరెంటు కారు కొందామంటే మా ఊరి కరెంటును నమ్మలేం. అందుకని ఛార్జింగుతో కొంతదూరం, అది అయిపోతే పెట్రోలుతో నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కొన్నాను. గుంటూరులో ఆ కంపెనీ షోరూము ఉంది గానీ ఈ రకం అమ్మరు. హైదరాబాదు వెళ్లి తెచ్చుకున్నాను.

మొదటి సర్వీసుకి గుంటూరు తీసుకెళ్తే మేనేజరు నన్ను కూర్చోమని కూడా అనలేదు. “మేం అమ్మని బండి మేం ముట్టుకోమండీ. అయినా మిరపకాయలు పండించుకునే మీకు ఇవెందుకు? ట్రాక్టరు కొనుక్కోకపోయారా” అన్నాడు. పక్క బల్ల దగ్గరున్న అమ్మాయి నవ్వింది. ఆ మాటా, ఆ నవ్వూ రెండూ డైరీలో ఉన్నాయి.

మిరప కోతలప్పుడు కారు ఆగిపోయింది. ఎర్ర లైటు వెలిగింది. ఈ కార్లలో పెద్ద బ్యాటరీ మొరాయిస్తే పెట్రోలు ఇంజను కూడా స్టార్టు కాదట. ఆ సంగతి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. హైదరాబాదు వాళ్లు గుంటూరును అడగమన్నారు. గుంటూరు వాళ్లు చెన్నైకి మెయిలు పెట్టమన్నారు. పదకొండు మెయిళ్లు పెట్టాక ఒకతను వచ్చి, వెనక సీటు కింది బ్యాటరీ పెట్టెకి తీగ బిగించి, నంబరున్న సీసపు సీలు వేసి పోయాడు. ఇంజనీర్లు వచ్చేదాకా ఎవరు తెరిచినా వారంటీ పోతుందని కాగితం ఇచ్చాడు. సీలును అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాను.

మా ఊళ్లో మస్తాన్ అని, కాలిపోయిన బోరు మోటార్లకి రాగితీగ చుట్టేవాడు. నలభై ఏళ్లుంటాయి. అతని పని ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. ఎడమచేతి వాటం కాబట్టి నూలు టేపు అందరికీ ఎదురు దిక్కున చుడతాడు. కొసను పంటితో తెంపి, చుట్ల లోపలికి దోపి, పైన వార్నిషు పూస్తాడు.

ఒక శనివారం మా ఇంటికొచ్చి చాలాసేపు పెట్టె మీద చెవి పెట్టి విన్నాడు.

“లోపల ఒక జాయింటు వదులైంది బాబాయ్. గంట పని. సీలు తియ్యమంటే తీస్తా.”

“తియ్యొద్దురా. వాళ్లకి సాకు దొరుకుతుంది.”

“పిన్ని ఆటోలో పడే అవస్థ చూస్తున్నావుగా. ఈ మంగళవారానికి గట్టెక్కిస్తాను, తర్వాత నీ కంపెనీవాళ్లే చూసుకుంటారు. ఆ సీసం ముక్కకేమన్నా డయాలసిసా?”

నేను ఒప్పుకోలేదు. మస్తాన్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ పక్కకి ఒరిగిపోయాడు. గుండె అన్నారు. సోమవారం ఉదయం ఖననం చేశారు. నేనూ మూడు పిడికిళ్ల మట్టి వేశాను.

మంగళవారం మాట్లాడుకున్న ఆటో రాలేదు, కోత కూలీల్ని ఎక్కించుకుని పోయింది. కోతల రోజుల్లో మా దగ్గర మనిషికి ఆటో దొరకదు. ఎనిమిది దాటింది. సుబ్బులు కాళ్లు వాచిపోయి ఉన్నాయి. నిలబడలేక వెళ్లి కార్లో కూర్చుంది. ఊరికే బటను నొక్కానంది. బండి సిద్ధమని చెప్పే పచ్చ లైటు వెలిగింది.

ఆలోచించే టైము లేదు. నరసరావుపేట వెళ్లాం, డయాలసిస్ అయింది, తిరిగొచ్చాం. తను ఒక్కసారి కూడా వాంతి చేసుకోలేదు. రేకుల షెడ్డులో పెట్టి ఆపాను. మళ్లీ స్టార్టు కాలేదు.

ఆ గురువారం ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. సీలు నంబరు ఫోటోతో సరిపోయింది. తీగ చెక్కుచెదరలేదు. అది వాళ్లే చూసి, వాళ్లే కోశారు. మూత ఎత్తగానే వార్నిషు వాసన గుప్పుమంది. ఒక జాయింటుకి తెల్లటి నూలు టేపు చుట్టి ఉంది, ఎదురు దిక్కున. కొస లోపలికి దోపి ఉంది. ఇంజనీరు వేలు పెడితే అంటుకుంది. వార్నిషు ఇంకా ఆరలేదు.

బయటి మనిషి బ్యాటరీ తెరిచాడు కాబట్టి వారంటీ రద్దు అని రాసిచ్చారు. సీలు తెగలేదని కూడా రాయమన్నాను. రాయలేదు. అలా ఎలా రాస్తామండీ, మమ్మల్ని పిచ్చోళ్లంటారు అన్నాడు పెద్దతను.

మస్తాన్ కొట్టుకి శనివారం సాయంత్రం వేసిన తాళం వేసినట్టే ఉందని వాళ్లావిడ చెప్పింది. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. అదీ తేదీ వేసి రాసుకున్నాను.

వినియోగదారుల కోర్టులో కేసు వేశాను. మూడు వాయిదాలు పడ్డాయి. ఆ రిపేరు ఎవరు చేశారో ప్రమాణపత్రంలో చెప్పమన్నారు. తెలియదని రాసెయ్యండి, గొడవ వదిలిపోతుంది అన్నాడు మా వకీలు. చేతిరాత గుర్తుపట్టినట్టు ఆ చుట్టు గుర్తుపట్టినవాణ్ని, తెలియదని ఎలా రాయను? మస్తాన్ అని రాస్తే కేసు పోతుంది. పైగా ఖననమైన మనిషి మీద తప్పు మోపినట్టవుతుంది.

కారు షెడ్డులోనే ఉంది, దాని మీద మిరపదుమ్ము పేరుకుంది. ఇంకో బ్యాటరీ కొనే స్తోమతు నాకు లేదు. కేసు తేలేదాకా సుబ్బులు ఉంటుందన్న నమ్మకమూ లేదు. ఆటో దొరికిన రోజు డయాలసిస్‌కి వెళ్తున్నాం, దొరకని రోజు మానేస్తున్నాం. మొన్న దారిలో ఆటో ఆపించి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుంటూ, “మస్తాన్ ఒక్క మంగళవారమే అన్నాడు, అంతవరకే చేశాడు” అంది.

ఆ పెట్టెలోకి చెయ్యి ఎలా వెళ్లిందో నాకిప్పటికీ తెలియదు. శనివారం అతను అడిగినప్పుడు వద్దన్నది ఎవరో మాత్రం తెలుసు. అది తేదీతో సహా నా డైరీలో ఉంది. ప్రమాణపత్రంలో రిపేరు ఎవరు చేశారన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది.