ఆగస్టు పదహారున పేపరు రాదు

పుదుచ్చేరిలో ఓ చిన్న తమిళ దినపత్రికలో చేరినప్పుడు ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక నాకు అప్పగించారు. ప్యారిస్‌లో అచ్చయిన పాత పుస్తకం చూసి, ఆ రోజు ఏ రాజు పుట్టాడో, ఏ యుద్ధం ముగిసిందో రాసేవాణ్ణి. మురుంగపాక్కంలో నేను అద్దెకున్న ఇంటి అవ్వ అది రోజూ నాచేత తెలుగులో చెప్పించుకునేది.

"ఊరూరి రాజులూ పుట్టినారు సరే, మన ఊరి మాట యాడ నాయనా?" అని ఎత్తిపొడిచేది.

1954 నవంబరు ఒకటిన ఫ్రెంచివాళ్లు ఊరి పాలన మనకు అప్పగించారు. ఏటా ఆ తేదీకి ఒక్క వాక్యం రాసేవాణ్ణి, సంపాదకుడు ఏటా కొట్టేసేవారు.

"ఒప్పందానికి ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం రాలేదు తంబీ. చట్టప్రకారం మనమింకా ఫ్రాన్సే. రానీ, వేద్దాం."

ఎనిమిదేళ్లకు వచ్చింది. 1962 ఆగస్టు పదహారున అప్పగింత పూర్తయింది. ఆ నవంబరులో నా వాక్యం మళ్లీ పెడితే, "అసలు తేదీ ఇక ఆగస్టే కదా" అన్నారు. ఒళ్లు మండింది.

మరుసటి ఏడు ఆగస్టు పదహారుకని ముందుగానే రాసిచ్చాను. మొదటిసారి ఒక్క అక్షరం కొట్టకుండా సంతకం పెట్టారు. అచ్చుగదిలో ఫోర్‌మన్ చూసి పకపకా నవ్వాడు.

"పదిహేనున స్వాతంత్ర్య దినం, ప్రెస్సుకు సెలవు. ఇంక పదహారున పేపరేది సార్?"

పదిహేడున వేయమని బతిమాలాను. ఏ రోజు సంగతి ఆ రోజే వేయాలన్నారు సంపాదకుడు. పదిహేడున ఎవరో ఫ్రెంచి దొర పుట్టినరోజు వేశాం.

"ఎవురబ్బా వాడు?" అంది అవ్వ.

నాకూ తెలియదు.