దేనికి గమ్మునుండమన్నాడు?

ఆ ఆదివారం ఉదయం పదకొండు గంటలకు మా ముందుగదిలో ఉన్నవాళ్ళు: నాయన, అమ్మ, చెల్లెలు, నేను, ముందురోజే కార్వేటినగరం నుంచి వచ్చిన అవ్వ. అవ్వ అంటే నాయనను కన్న తల్లి. ఉన్న వస్తువులు: ఒక టేబుల్ ఫ్యాను, చేటలో చింతపండు, గింజలు వేయడానికి గిన్నె, చెల్లెలి లెక్కల నోటు, జామెట్రీ పెట్టె, నేను విప్పి పరిచిన రేడియో, కరెంటు కొలిచే మల్టీమీటరు ఒకటి. మా మేడమీద గదిలో అద్దెకుండే ఆయన అక్కడ లేడు. కానీ జామెట్రీ పెట్టె, మల్టీమీటరు ఆయన ఇచ్చినవే. కాలిపోయిన ఫ్యాను బాగుచేయించి తెచ్చింది కూడా ఆయనే.

తొంభైల చివర అది. నేను తిరుపతిలో పాలిటెక్నిక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. చెల్లెలికి పదేళ్ళు.

ఆయన మాలో ఒక్కొక్కరికి ఒక్కో దారిలో దగ్గరయ్యాడు. ఈ సంగతి నాకు చాలా తర్వాత అర్థమైంది. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు దర్శనం చేయించే బాధ్యత కూడా ఇంటితోపాటే వస్తుంది. ఆయనకు కొండమీద ఎవరో తెలుసు, టికెట్లు తెచ్చిపెట్టేవాడు. దాంతో చుట్టాల్లో నాయన మాటకు విలువ పెరిగింది. అమ్మకు గ్యాస్ సిలిండరు అయిపోతే ఆయన స్కూటరు మీద వచ్చేది. నాకు మల్టీమీటరు ఇచ్చి, “ఇది నీలాంటి తెలివైనోడి చేతిలో ఉండాల” అన్నాడు. నేను నెలరోజులు ఆ మాట తలచుకుంటూ తిరిగాను.

చెల్లెలికి లెక్కలు చెప్తానన్నాడు. మొదట మెట్లమీద, అందరికీ కనబడేట్టు కూర్చుని చెప్పాడు. ఎండలు ముదిరాక, ఫ్యాను ఉందని గదిలోకి మార్చాడు. చాక్లెట్ ఇచ్చి, “అమ్మకు చెప్పొద్దు, పండ్లు పుచ్చిపోతాయని తిడతాది” అనేవాడట. చిన్న రహస్యం దాచగలిగిన పిల్ల పెద్దదీ దాస్తుందని ఆయన లెక్క. ఇంకొకటి కూడా చేశాడు. కాఫీకి కిందికి వచ్చినప్పుడల్లా, “మీ పాప కథలు బలే అల్లుతాదండీ, ఈరోజు ఏమనిందో తెలుసా” అని ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. నేనయితే ఆ కథల్ని కాలేజీలో కూడా చెప్పాను.

“పదకొండయింది, ట్యూషనుకు పో పాపా,” అంది అమ్మ ఆ రోజు.

“నేను పోను.”

“ఎందుకు పోవు?” అన్నాడు నాయన.

“సారు గమ్మునుండమంటాడు.”

మా వైపు గమ్మునుండడమంటే నోరెత్తకుండా, కదలకుండా ఉండటం. చెల్లెలు వసపిట్ట. రోజుకు ఇరవైసార్లయినా మేమే దానికి ఆ మాట చెప్పేవాళ్ళం. అందుకే పకపకా నవ్వాం.

“ఆయప్పకు దండం పెట్టాలప్పా. మాకు చేతగానిది ఆయప్ప చేస్తాండాడు!” అన్నాడు నాయన.

“ఆయన్ని మనింట్లోనే పెట్టుకుందాం నాయనా,” అన్నాను నేను.

అవ్వకు ఎడమ చెవి వినపడదు. మా నవ్వు చూసింది గానీ మాట అందలేదు.

“ఏంది పాపా? ఈ సెవికి రాలా. ఇట్లొచ్చి సెప్పు.”

చెల్లెలు లేచి అవ్వకు కుడిపక్కన కూర్చుంది. “సారు గమ్మునుండమంటాడు అవ్వా.”

“దేనికి గమ్మునుండమన్నాడు?”

ముగ్గురం చదువుకున్నవాళ్ళం. ఆ ప్రశ్న మాలో ఎవరికీ రాలేదు.

చెల్లెలు ఒక చింతగింజ తీసుకుని వేళ్ళమధ్య తిప్పింది. “సెప్పకూడదు.”

“సెప్పకూడదని ఎవురన్నారు?”

“సారు.”

అవ్వ చేతులు ఆగలేదు. చింతపండు చీలుస్తూనే ఉంది. “నాకు సెప్పొచ్చు. నీకు తోసినంత సెప్పు, నేనింటా.”

“చెయ్యి పెడతాడు అవ్వా. వద్దన్నా వినడు.”

అవ్వ ఎక్కడ అని అడగలేదు. ఎన్నాళ్ళ నుంచి, ఇంతకాలం ఎందుకు చెప్పలేదు అని కూడా అడగలేదు. “సెప్పి మంచిపని సేసినావు. తప్పు వాడిది, నీది గాదు. ఇంక ఆ మెట్లు ఎక్కే పన్లేదు,” అంది, అంతే. ఇలాంటప్పుడు పిల్లల మీద ప్రశ్నలు కుమ్మరించకూడదని పుస్తకాల్లో ఉంటుంది. అవ్వకు చదువు రాదు.

అమ్మ ఒక్కసారిగా నెత్తి బాదుకుని ఏడ్చింది. చెల్లెలు బెదిరిపోయింది. “లేదుమా, ఊరికే అన్నా. అబద్ధం సెప్పినా. ఏడవద్దుమా.”

ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. కథలు అల్లుతుందని అనుకున్నాం కదా, ఇదీ అంతే అనుకున్నాను. ఆ ఒక్క క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

“నువ్వేడిస్తే పాప సెప్పిన మాట ఎనిక్కి తీసుకుంటాది,” అంది అవ్వ అమ్మతో. “ఏడ్సేదుంటే దొడ్లోకి పోయి ఏడ్సు.”

అమ్మ నిజంగానే దొడ్లోకి వెళ్ళింది. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, చేటకు అటువైపు కూర్చుని చింతపండు చేతిలోకి తీసుకుంది. “నాకూ సెప్పు పాపా. ఏడవను.” అమ్మ మాట నిలబెట్టుకుంది. చెల్లెలు మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకొంచెం ఎక్కువ. ఆ రోజు అమ్మ ఆపుకున్న ఏడుపుకు నేను రుణపడి ఉన్నాను.

మిగిలింది నాయన. “గమ్మునుందాం మా,” అన్నాడు అవ్వతో. “ఆడబిడ్డ. పదిమందికి తెలిస్తే ఎట్ల? వాణ్ణి ఈ పొద్దే ఖాళీ చేయిస్తా.”

“ఈడ్నించి పోయి ఇంకో ఇంటి మేడెక్కుతాడు. ఆడ పిల్లలుండరా?” అంది అవ్వ. “ఇన్నాళ్ళూ పాప గమ్మునుండింది. ఇప్పుడు నువ్వుంటావా?”

నాయన లేచి చొక్కా వేసుకుని, “పేపరు తీసుకోరా, పోలీసులకు రాయాల,” అన్నాడు.

నేను రాయడం మొదలుపెట్టాను: ‘సదరు వ్యక్తి అసభ్యముగా ప్రవర్తించి’. చదివి వినిపిస్తే చెల్లెలు, “నేను అట్లనలా,” అంది. నిజమే. ఆ కాగితం చించేసి, అది చెప్పిన మాటల్ని చెప్పిన వరసలోనే రాశాను. కాలేజీలో ల్యాబ్ రికార్డు కూడా అంత జాగ్రత్తగా రాయలేదు.

స్టేషన్లో ఒక మహిళా కానిస్టేబులు చెల్లెల్ని వేరే గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అమ్మను పక్కనే ఉండనిచ్చి, నెమ్మదిగా అడిగింది. ఆమె పేరు అడిగి తెలుసుకోవాలని కూడా తోచలేదు మాకు. ఆమెకు ఇక్కడ నమస్కారం చెప్తున్నాను.

సాయంత్రం ఆయన్ని పిలిపించారు. ఆయన తొణకలేదు. “చిన్నపిల్ల సార్, కథలు అల్లుతాది. వాళ్ళింట్లో అందరికీ తెలుసు. కావాలంటే వాళ్ళన్నను అడగండి,” అన్నాడు.

ఎస్సై నావైపు తిరిగాడు. “ఏమప్పా, నిజమేనా?”

నేను అవునంటే కాగితం అక్కడితో ఆగిపోతుంది. చెల్లెలు మళ్ళీ నోరు తెరవదు. అప్పుడు ఒక సంగతి తట్టింది. చెల్లెలు చెప్పిన అబద్ధమంటూ నేను స్వయంగా విన్నది ఏదైనా ఉందా అని వెతికితే ఒక్కటీ దొరకలేదు. అన్నీ ఆయన నోటినుంచి విన్నవే.

“ఆ మాట మాకు నేర్పింది ఆయనే సార్,” అన్నాను. “మా చెల్లెలు అబద్ధం చెప్పగా నేనెప్పుడూ వినలేదు.”

ఎస్సై కాగితం మీద సంతకం పెట్టమని నాయనకు పెన్ను ఇచ్చాడు. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. చిత్తూరు కోర్టుకు నాయన ఒక్క వాయిదా కూడా తప్పలేదు. శిక్ష పడింది.

ఉద్యోగంలో చేరాక ఒకసారి కార్వేటినగరం వెళ్ళి అవ్వకు నా మనసులో మాట చెప్పాను. ఆ రోజు నువ్వు లేకపోతే ఏమయ్యేదో అన్నాను.

“నేనేం సేసినాన్రా?” అంది అవ్వ. “సరిగ్గా ఇనపళ్ళా. మళ్ళీ అడిగినా. సెవుడు గూడా మంచిదే గదప్పా.” తనే నవ్వింది.

అవ్వ పోయి నాలుగేళ్ళయింది. ఇది రాయమన్నది చెల్లెలే. ఇప్పుడు దానికి ఇరవై ఒకటి, డిగ్రీ చదువుతోంది, ఇప్పటికీ వసపిట్టే. రాసేముందు దాన్ని ఒకటే అడిగాను: అవ్వకు చెప్పకముందు మాకెవరికైనా చెప్పాలని చూశావా? నా అంచనా ఒకసారో రెండుసార్లో.

చెల్లెలు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. ట్యూషను వేళకు కడుపునొప్పి అన్నది ఒకటి. ఆయన మంచోడేనా మా అని అమ్మను అడిగింది ఒకటి. నాయన పనిచేసే వర్క్‌షాపుకు తానూ వస్తానని ఏడ్చింది ఒకటి. స్కూల్లో టీచరు దగ్గర మొదలుపెట్టి ఆపేసింది ఒకటి. మిగతావి నాతోనే.

“అన్నిసార్లు చెప్పినా ఎవరూ వినకపోతే మళ్ళీ ఎట్ల చెప్పినావు?” అన్నాను.

“అవ్వ అడిగింది కదన్నా,” అంది.

అవ్వకు చెప్పకముందు చెల్లెలు చెప్పాలని చూసింది ఏడుసార్లు.