అజీజా బేగం ఎత్తించిన చేతులు

దేవరకొండ అవతల మా ఊరి పంచాయతీలో నేను కారోబార్ని. పన్ను వసూలు చేయడం, చాటింపు వేయించడం, తీర్మానాల పుస్తకం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తేవడం నా పని. మా ఊళ్లో గ్రామసభ అంటే చాలా ఏళ్లు ఈ తిరుగుడే. పేజీ పైభాగం ఖాళీగా ఉండేది. జనం కింద వేలిముద్ర వేసి, "ఇంట్ల అందరు మంచిగున్నరా గోపాల్?" అని అడిగి పంపేవాళ్లు.

2019లో అజీజా బేగం నాలుగో వార్డు మెంబరుగా గెలిచింది. మలారం భుజాన వేసుకుని ముప్పై ఏళ్లు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి గాజులమ్మిన మనిషి. ఆ వేసవిలో సంతకం కోసం వెళ్తే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. పుస్తకం తెరిచి చూసింది.

"పైన ఏం లేదు గదరా. దేనికి పెట్టాలె సంతకం?"

"తర్వాత రాస్తమక్కా."

"రాసినంక రా. ఉత్త మలారం చూపెట్టి నేను గాజులమ్ముతున్ననా?"

నాకు ఒళ్లు మండింది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అని గొణుక్కుంటూ బయటికొచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ఖాళీలో ఏం రాయబోతున్నారో నాకు బాగా తెలుసు.

ఊరి వెనక గుట్ట కింద యాభై ఎకరాల బంచరాయి ఉంది. గొర్లూ పశువులూ మేసే ఊరుమ్మడి జాగా. దాన్ని కంకర క్రషర్‌కు ఇవ్వాలని సర్పంచ్ నాగేందర్ పట్టుదల. వానలు పడి చేలల్లో విత్తనాలు వేశాక మా ఊరి గొల్లల మందలకు ఆ గుట్ట తప్ప వేరే మేత లేదు. అది పోతే గొర్లు అమ్ముకుని హైదరాబాద్ కూలికి పోవాల్సిందే. ఆ సంగతి చెప్పడానికి వాళ్లు ఊళ్లో ఉంటేగా! ఎండాకాలమంతా మందలతో నందికొండ దిక్కు కృష్ణ ఒడ్డున ఉంటారు. సర్పంచ్ తొందరంతా అందుకే.

అజీజా బేగం ఆ రోజు నా మొహం చూసి అనుమానపడి, ఆరా తీసి కథంతా పట్టేసింది. మూడుసార్లు మండలాఫీసుకు తిరిగింది. గొల్లలు వచ్చాకే సభ పెట్టాలని దరఖాస్తు ఇచ్చింది. సర్పంచ్ పంచాయతీ అరుగు మీద అందరి ముందూ ఎగతాళి చేశాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అజీజమ్మకు ఒక్క గొర్రెపిల్ల లేకపాయె."

"ఓటేసేటప్పుడు, నీకు గొర్లున్నయా అని వాళ్లు నన్ను అడగలే సర్పంచ్ సాబ్," అంది ఆమె.

చివరికి మిరుగం కార్తె దాటి మందలు ఊరికి తిరిగొచ్చాక, ఎంపీడీవో ఎదుట, బడి ఆవరణలో సభ జరిగింది. గొంగళ్లు భుజాన వేసుకుని గొల్లలంతా ఇంటిల్లిపాదీ వచ్చారు. సర్పంచ్ తీర్మానం చదివాడు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తాలన్నాడు ఎంపీడీవో. లెక్కపెట్టాను, నలభై ఆరు. వద్దనేవాళ్లు ఎత్తమన్నాడు. గొల్లల కులపెద్ద గుర్వయ్య నిటారుగా లేచి చెయ్యెత్తాడు. పక్క నుంచి అజీజా బేగం ఎత్తింది. ఇంకెవరూ కదల్లేదు. గొల్లల మొహాల్లో దిగులు కూడా లేదు, గెలిచినంత ధీమాగా కూర్చున్నారు!

"రెండు," అన్నాను. సర్పంచ్ నవ్వాడు. ఎంపీడీవో పెన్ను తీశాడు.

"జర ఆగున్రి సార్," అని అజీజా బేగం గొల్లల వైపు తిరిగింది. "మీ చేతులేమైనయ్?"

"మా పెద్దగొల్ల ఎత్తిండు గద," అన్నాడు ఒక ముసలాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఆయన ఎత్తితె మేమంత ఎత్తినట్టే."

వాళ్ల కుల పంచాయతీలో తాతల నాటి నుంచీ అదే పద్ధతి. పెద్ద చెయ్యి లేచాక ఇంకొకరు ఎత్తితే ఆయన్ని అవమానించినట్టు. ఆ మర్యాదే ఆ రోజు వాళ్ల గుట్టను మింగబోయింది.

అజీజా బేగం నేరుగా గుర్వయ్య ముందుకెళ్లింది. "గుర్వన్నా, నీ ఇంటామె సోమమ్మ గాజు నీ చేతికి పడ్తదా?"

"నాకెట్ల పడ్తదే?"

"మరి ఆమె చెయ్యి నీ లెక్కల ఎట్ల పడ్తది? ఈడ పెద్దగొల్లదైనా, నాదైనా, సర్పంచ్‌ సాబ్‌దైనా ఒక్క చెయ్యి ఒక్కటే."

సర్పంచ్ లేచి, లెక్క అయిపోయిందని అరిచాడు. తీర్మానం ఇంకా రాయలేదనీ, మళ్లీ లెక్కపెట్టమనీ ఎంపీడీవో అన్నాడు. గుర్వయ్య నోరు తెరిచేలోపే ఆయన భార్య సోమమ్మ చెయ్యి లేచింది. మొగుడి వైపు చూడనైనా చూడలేదు. ఆమె వెనక కోడళ్లు, ఆ వెనక కట్టె పట్టిన ముసలాళ్లు. గుర్వయ్య ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, "ఎత్తున్రి! అందరెత్తున్రి!" అని కేకేశాడు. ఆవరణ నిండా చేతులే. రెండుసార్లు లెక్క తప్పి, వరుసల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి దగ్గరా ఆగి లెక్కపెట్టాను.

"డెబ్బై ఒకటి సార్."

"అంతేనా?" అన్నాడు ఎంపీడీవో, రాయబోతూ.

సర్పంచ్ నన్నే చూస్తున్నాడు. నా కొలువు ఆయన చేతిలో ఉంది. కానీ నేనూ ఈ ఊరి ఓటర్నే.

"ఇంకొకటున్నది సార్," అని నా చెయ్యెత్తాను. "డెబ్బై రెండు."

అజీజా బేగం అందరికీ వినబడేలా, "షాబాష్ గోపాల్! గిప్పుడు తే పుస్తకం, సంతకం పెడ్త," అంది.