త్రిమూర్తులు పొయ్యి, ఊరికే వచ్చిన పొయ్యి

మా తమ్ముడు త్రిమూర్తులు తాను తయారుచేసిన పొయ్యిని ఎత్తుకుపోయినవాళ్లు పెట్టిన సభకు వెళ్లి, ముందు వరసలో కూర్చుని, చప్పట్లు కొట్టి వచ్చాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు. ఎవరైనా "చాలా మంచివాడండీ మీ తమ్ముడు" అంటే ఒళ్లు మండుతుంది. ఆ మంచితనం ఎవరికి పనికొచ్చిందో చెబుతాను, వినండి.

మా పుట్టిల్లు లొల్ల లాకులు దాటాక కాలవ గట్టునున్న పల్లె. ఆ వీధిలో ఆడవాళ్లందరిదీ ఒకటే పని, పూతరేకులకు రేకులు తీయడం. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే ఉల్లిపొర లాంటి రేకు లేస్తుంది. తినేవాళ్లు నెయ్యి గురించి మాట్లాడతారు, బెల్లం గురించి మాట్లాడతారు. పొగ గురించి మాట్లాడినవాణ్ణి నేను చూడలేదు. కొబ్బరాకు భగ్గున మండుతుంది, అంతలోనే ఆరుతుంది, ఆరినప్పుడల్లా పొగ ముఖాన కొడుతుంది. పొద్దున్న కూర్చున్న మనిషి మధ్యాహ్నం లేచేదాకా ఆ పొగలోనే. నేను పెళ్లయి కొత్తపేట వెళ్లిపోయాను కాబట్టి తప్పించుకున్నాను. త్రిమూర్తులు భార్య వాణి తప్పించుకోలేదు.

వాణి కళ్లు ఎర్రబడి, నీరు కారి, చివరికి బస్సు మీద ఊరి పేరు చదవలేని స్థితికి వచ్చింది. రాజమండ్రిలో కళ్ల డాక్టరు చూసి, పొగకు దూరంగా ఉండమన్నాడట.

"పొగకి దూరమైతే కూటికీ దూరమేనండీ," అని నవ్వి వచ్చేసింది వాణి.

త్రిమూర్తులు మాత్రం నవ్వలేదు. వాడికి కాలవ రోడ్డులో వెల్డింగు షాపు ఉంది. తొంభై ఆరు తుఫాను తరవాత అమలాపురం, ముమ్మిడివరం వైపు ఎక్కడ చూసినా పడిపోయిన గేట్లే. ఆ పనులకు తిరుగుతూ చితికిపోయిన డీజిల్ డ్రమ్ములు ఏరుకొచ్చాడు. పగలంతా ఊరివాళ్ల గేట్లు, సాయంత్రం పెళ్లాం పొయ్యి. డ్రమ్మును సగానికి కోసి, పైన కుండ కూర్చోడానికి చోటు చేసి, ముందు ఆకు తోయడానికి నోరు, వెనక పొగ పోవడానికి గొట్టం పెట్టాడు. మొదట్లో పొగతోపాటు మంట కూడా గొట్టంలోకే పోయింది. కుండ వేడెక్కక రేకు లేవలేదు. తరవాత వేడి ఎక్కువై కుండలు పగిలాయి.

"మీరు నా కళ్లు బాగుచేసేలోగా కుమ్మరాయన మేడ కట్టేస్తాడండీ," అంది వాణి.

చివరికి గొట్టంలో ఒక ఇనప పలక అమర్చాడు. లోపలికి తోస్తే పొగదారి ఇరుకవుతుంది, బయటికి లాగితే తెరుచుకుంటుంది. మంట ఎంత ఉండాలో అంతే ఉంటుంది. డ్రమ్ము లోపల ఊక కలిపిన బంకమట్టి మందంగా మెత్తాడు. దాంతో వేడి నిలిచింది, ఇనుము కూడా కాలిపోకుండా ఆగింది. ఆ రోజు వాణి రేకులు తీస్తుంటే నేను పక్కనే పీట వేసుకుని కాఫీ తాగాను. ఆ వీధిలో రేకుల కుండ పక్కన కూర్చుని కాఫీ తాగిన మొదటి మనిషిని నేనే అనుకుంటాను.

"అక్కా, ఈ వీధిలో ఇంటింటికీ ఇది చేరాలే. ఇంకెవరూ పొగలో కూర్చోకూడదు," అన్నాడు త్రిమూర్తులు. వాడికి కావలసింది ఆ ఒక్కటే. నన్నడిగితే అదేమంత గొంతెమ్మ కోరిక కాదు.

వీధంతా వచ్చి చూసింది. "ఆయ్, ఎంత బాగుందండీ, మాకూ ఒకటి చేసిపెట్టండి" అన్నారు వచ్చినవాళ్లందరూ. మా వైపు మనుషులు ముఖం మీద వద్దనరు. అమ్మడానికి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, వస్తువును మెచ్చుకుని, "దానికేముందండీ, తప్పకుండా" అని సాగనంపుతారు. తరవాత ఆ గుమ్మం వైపు తొంగిచూడరు. ఈ సంగతి ఇక్కడ పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. త్రిమూర్తులుకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే వాడూ ఆ బాపతే. కానీ సొంత పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆ మాటలన్నీ నిజమని నమ్మాడు. డజను పొయ్యిలు చేసి షాపు వెనక వరసగా పేర్చాడు. ఒక్కటీ కదల్లేదు.

ఎదురింటి అచ్చమ్మగారి కళ్లు వాణి కళ్లకన్నా అధ్వాన్నం. ఆవిడకు మనసయింది. ఆవిడ మొగుడు నూకయ్య మాత్రం, "మా అమ్మ కూడా పొగలోనే తీసేదండీ, ఆవిడకేమైంది," అన్నాడు. వాళ్లమ్మ ఆఖరి రోజుల్లో గోడ తడుముకుంటూ నడిచిన సంగతి వీధి వీధంతటికీ తెలుసు. ఆ మాట నేను అనబోతే త్రిమూర్తులు నా చెయ్యి పట్టుకుని లాగాడు.

ఆ వీధి రేకులన్నీ కొనే వ్యాపారి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి దగ్గరికి నేనే వాణ్ణి లాక్కెళ్లాను. పండగల్లో ఆయన కొట్టు ముందు కార్లు బారులు తీరి ఉంటాయి. ఆయన తలచుకుంటే ఇంటికో పొయ్యి పెట్టించగలరు. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, కూల్ డ్రింకులు తెప్పించి, ఓపిగ్గా అంతా విన్నారు.

"చాలా మంచి పని చేసేరండీ. అయితే కుండ వాళ్లది, ఆకు వాళ్లది, కళ్లూ వాళ్లవేనండీ. నేను కొనేది రేకు," అన్నారు, ఎంతో మెత్తగా.

నేను ఆ సీసా ముట్టుకోలేదు. వదిలేస్తే బాగోదని త్రిమూర్తులు నాది కూడా తాగేశాడు.

తరవాత కాకినాడలో ప్రదర్శన అంటే వాణి పొయ్యినే లారీ ఎక్కించుకుని వెళ్లారు మొగుడూ పెళ్లాలూ. చూడవచ్చినవాళ్లు దీని మీద దోసెలు వస్తాయా అని అడిగారు. ఒక పెద్ద ఆఫీసరు మాత్రం నిలబడి చూసి, గుర్తింపు ఉన్న సంస్థ ఏదైనా పరీక్షించి బాగుందంటే ప్రభుత్వ పథకంలో పెట్టించి ఇంటింటికీ ఇప్పిస్తానన్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా, అవతలివాడెవడో వచ్చి ఇది మందేనని చెప్పాలి.

అలా చెప్పడానికి వచ్చినాయన రాజేంద్రప్రసాద్‌గారు. పొయ్యిల మీద పనిచేసే ఒక సంస్థలో ఇంజనీరు. ఆయన వస్తున్నారని నాకు కబురు పెడితే వంటకు సాయం వెళ్లాను. నాటుకోడి కూర, ఆవపెట్టిన పనసపొట్టు, గడ్డపెరుగు. ఆఖర్న వాణి తన చేత్తో చుట్టిన పూతరేకులు. ఆయన కడుపునిండా తిని, తాంబూలం వేసుకుని, "లోపల ఎలా ఉంటుందో కాస్త చూడొచ్చా అండీ," అన్నారు.

"ఆయ్, దానికేముందండీ," అని త్రిమూర్తులు పొయ్యి విప్పేశాడు. గొట్టం ఊడదీశాడు. పలక చేతికిచ్చాడు. మట్టి మెత్తిన మందం కనబడాలని గునపంతో ఒక పక్క పగలగొట్టి మరీ చూపించాడు. ఆయన టేపుతో కొలుచుకున్నారు, బొమ్మలు గీసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. నేను వంటింట్లోకి పిలిచి కసిరాను.

"అన్నీ ఎందుకురా చూపిస్తావు?"

"ఇంటికొచ్చిన మనిషి దగ్గర దాపరికం ఏంటక్కా. మన అన్నం తిన్నాడు," అన్నాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనే మాట ఎందుకు పుట్టిందో నాకు ఆ రోజు తెలిసింది. మా వాడు వాసాలు లెక్కపెట్టుకోడానికి నిచ్చెన కూడా వేశాడు.

ఆ తరవాత కబురూ లేదు, కాకరకాయా లేదు. ఏడాది తిరిగాక ఊళ్లోకి లారీ వచ్చింది. దాన్నిండా పొయ్యిలు. అదే డ్రమ్ము ఆకారం, అదే నోరు, గొట్టంలో అదే పలక. మీద సంస్థ పేరుతో రంగు రేకు బిగించి ఉంది. షామియానా వేశారు, మైకు పెట్టారు. రాజేంద్రప్రసాద్‌గారు లేచి, "ఎంతో పరిశోధన చేసి మా సంస్థ రూపొందించిన పొయ్యి" అన్నారు. ఇంటింటికీ ఊరికే ఇస్తున్నామన్నారు. నూకయ్యే ముందు లేచి పుచ్చుకున్నాడు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం. త్రిమూర్తులును ముందు వరసలో కూర్చోబెట్టారు. వాడు చప్పట్లు కొట్టాడు.

"నువ్వెందుకు కొట్టావురా?" అన్నాను ఇంటికొచ్చాక.

"అందరూ కొడుతున్నారక్కా. చేతులు ముడుచుక్కూర్చుంటే బాగోదు," అన్నాడు. చొక్కా విప్పుతూ, "ఎవరిదైతేనేంలే, ఇంటింటికీ చేరింది కదా," అన్నాడు.

నిజంగా అలా జరిగి ఉంటే నా కోపం నేనే మింగేదాన్ని. కానీ ఆ పొయ్యిల్లో మట్టి లేదు. పల్చటి ఇనప రేకు, అంతే. మొదటి వర్షాకాలానికి తుప్పు మచ్చలొచ్చాయి, రెండోదానికి గొట్టాలు విరిగి పడ్డాయి. పొగ బయటికి పోవడం మానేసి తిన్నగా ముఖానికే వచ్చింది. వీధి వీధంతా "గొట్టం పొయ్యి వట్టి దండగ" అని తేల్చేసింది. త్రిమూర్తులు ఇంటింటికీ వెళ్లి, తనవి అలాంటివి కావని, కావాలంటే ఊరికే పెడతానని చెప్పాడు.

"ఆయ్, అలాగే బాబూ. ఊరికే వచ్చినదాన్ని చూసేం కదా," అంది అచ్చమ్మగారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ త్రిమూర్తులు వైపు కాకుండా వాడి పక్కనున్న స్తంభం వైపు చూస్తోంది.

దొంగతనం చేస్తే చేశారు. దొంగిలించినదాన్ని పాడుచేసి, అసలుదానికి కూడా చెడ్డపేరు తెచ్చిపెట్టారు. షాపు వెనక డజను పొయ్యిల్లో కోళ్లు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. అయినా త్రిమూర్తులు చేతులు ఊరుకోలేదు. వాణి పొయ్యిని మళ్లీ విప్పి, లోపల మంట తిరిగే దారి మార్చాడు. సగం ఆకుతోనే పని అయిపోవడం మొదలైంది. ఆ వార్త ఎలా పాకిందో ఏమో, రెండువేల నాలుగు వేసవిలో రాజేంద్రప్రసాద్‌గారు మళ్లీ వచ్చారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

వాణి గుమ్మంలోనే ఎదురెళ్లింది. "రండి, కుర్చీ వేసేను," అని ఆయన్ని వీధి దాటించి, అచ్చమ్మగారి వసారాలో కూర్చోబెట్టింది. అచ్చమ్మగారు ఆయన సంస్థ ఇచ్చిన పొయ్యి మీదే రేకులు తీస్తోంది. గొట్టం మొదలంటా విరిగి ఉంది. ఆయన కాసేపటికి దగ్గారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. త్రిమూర్తులు నొచ్చుకుంటూ పరుగున వచ్చాడు.

"మట్టి మెత్తలేదేంటండీ సార్?" అని అడిగాడు. నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే.

"మెత్తాలని తెలుసండీ. ఖర్చెక్కువవుతోందని తీసేశాం. ఎలాగూ ఊరికే ఇచ్చేవే కదా," అన్నారు ఆయన, దగ్గుతూ. "ఇప్పుడు మీరు కొత్తగా ఏదో మార్చేరట. ఒక్కసారి లోపల చూపిస్తే, ఈసారి మీ పేరు కూడా వేయిస్తాను."

త్రిమూర్తులు నోరు తెరిచాడు. 'ఆయ్, దానికేముందండీ' అన్న మాట వాడి పెదవుల దాకా రావడం నేను చూశాను. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదాన్ని, నాకు తెలియదా. అంతలో అచ్చమ్మగారు కుండ మీద గుడ్డ లాగబోయి, కుండ అంచు కనబడక పక్కన వేసింది. పిండంతా మంటలో పడి చుయ్యిమంది. త్రిమూర్తులు అటు చూశాడు. నోరు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు.

"చూపించనండీ," అన్నాడు.

ఆ ముక్క అనడానికి వాడికి సగం జీవితం పట్టింది. అందులోనూ 'అండీ' మానలేదు.

రాజేంద్రప్రసాద్‌గారు ఏదో అనబోయారు. వాడు వినిపించుకోకుండా షాపు వెనక్కి వెళ్లి, ఒక పాత పొయ్యిలోంచి కోడిని తోలేసి, "ఇది మీకు తెలిసినదేనండీ. బరువుంటుంది, అటు పట్టుకోండి," అన్నాడు. ఆయనకు పట్టుకోక తప్పలేదు. ఇద్దరూ మోసుకొచ్చి అచ్చమ్మగారి వసారాలో దింపారు. తీసుకుంటారా అని త్రిమూర్తులు అడగలేదు. అడిగితే ఆయ్ అంటారు, తీసుకోరు. తుప్పు పొయ్యిని కాలితో పక్కకి తోసి, దాని గొట్టం కోసం గోడకు కొట్టిన కన్నంలోంచే తన గొట్టం బయటికి పెట్టాడు. నూకయ్య వచ్చి, "ఏంటి బాబూ ఇదంతా," అంటే, "పక్కకి తప్పుకో నూకయ్యా," అన్నాడు.

అతిథికి భోజనం పెట్టే పంపింది వాణి, ఆ విషయంలో నాకు ఇప్పటికీ ఆమెతో పేచీయే. ఆయన తిని వెళ్లాక మేమంతా వసారాలోకి వచ్చాం. కుండ వేడెక్కింది. అచ్చమ్మగారు చేత్తో తడిమి అంచు చూసుకుని, గుడ్డ లాగి, రేకు తీసింది. పొగ గోడ అవతల కొబ్బరిచెట్ల మీదుగా పోతోంది. ఇవతల ఏమీ లేదు. అయినా ఆవిడ రేకు తీసినప్పుడల్లా అలవాటుకొద్దీ ముఖం పక్కకి తిప్పుకుని, పమిటచెంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉంది.