పాత చర్చిలో ఏడో పేరు

ఈ ఆగస్టు పదిహేనున పెనుకొండ మాజీ సైనికుల హాల్లో ఉన్నవారు, ఉన్నవి: మాజీ సైనికులు పద్నాలుగు మంది, వాళ్ళలో పతకాలు పెట్టుకున్నవారు ఐదుగురు, ఆడవాళ్ళు తొమ్మిది మంది, హిందూపురం నుంచి తెచ్చిన ఇనుప కుర్చీలు నలభై, అందులో కాలు వంకరపోయినవి మూడు, ఒక బల్ల, దాని మీద గ్లాసులో నీళ్ళు, తూర్పు గోడకు నల్లబోర్డు, దాని మీద యుద్ధంలో పోయినవారి పేర్లు పన్నెండు, తలుపు దగ్గర నేను. ధర్మవరం నుంచి పొద్దుటి బండికి వచ్చాను. మాజీ సైనికుల పెద్ద సుబేదారుగారు కళ్ళద్దాలు తుడుచుకుని పేర్లు చదవడం మొదలుపెట్టగానే ఆ కట్టడం పాత సంగతులు గుర్తుకొచ్చాయి.

అది మొదట చర్చి. నిడివి నలభై ఎనిమిది అడుగులు, వెడల్పు ఇరవై రెండు, గోడ మందం రెండు, కిటికీలు ఆరు. మా ఇంట్లో అందరమూ అక్కడే బాప్తిస్మం పొందాము. చాపల మీద మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చునేవారు. మా నాయనమ్మను అవ్వ అనేవాళ్ళం. ఆమె చోటు ఎడమవైపు రెండో కిటికీ కింద. అక్కడి బండ మిగతా బండల కన్నా నునుపుగా ఉండేది. కొలిచి చెప్పగలిగిన తేడా కాదు.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉండేది. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం పాస్టరు అయ్యగారు సంఘం పుస్తకం తెరిచి పేర్లన్నీ పిలిచేవారు. ఉన్నవాళ్ళు "ఉన్నానయ్యా" అనాలి. లేనివాళ్ళ బదులు ఇంటివాళ్ళు పలకాలి. "రొళ్ల ఊరికి పనికి పోయినాడు", "కాన్పుకు పుట్టింటికి పోయింది" అని. ఎవరూ పలకకపోతే ఆ పేరు మీద గీత పడేది. మా నాయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, పటాలంలో చేరి బర్మా వైపు పోయాడు. తిరిగి రాలేదు. ఆయన పేరు పిలిచినప్పుడల్లా అవ్వ, "ఊర్లో లేడయ్యా, వస్తాడు" అనేది. అయ్యగారు తరువాతి పేరుకు పోయేవారు.

చిన్నాయన గురించి పటాలం నుంచి ఇంటికి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిదాంట్లో ఆచూకీ లేదని ఉంది. అది అవ్వకు చదివి వినిపించారు. రెండోదాంట్లో చనిపోయినట్టే లెక్క అని ఉంది. దాన్ని నాయన ట్రంకుపెట్టె అడుగున పెట్టాడు.

తరువాత సంఘం బస్టాండు దగ్గర కొత్త చర్చి కట్టుకుంది. గంట, సిలువ అక్కడికి వెళ్ళాయి. గబ్బిలాలు ఇక్కడే ఉండిపోయాయి. పాత కట్టడాన్ని మాజీ సైనికులకు ఇస్తూ సంఘం పెద్దలు రెండు షరతులు పెట్టారు: సారాయి కూడదు, చీట్ల పేకాట కూడదు. సుబేదారుగారు తలగోక్కుని, "సారాయి వద్దంటే సరే. చీట్లాట గూడా వద్దంటే మావోళ్ళు యాడికి పోవల్లప్పా? ఇండ్లకా?" అన్నారు. పెద్దలు నవ్వారు. రెండో షరతు అక్కడితో పోయింది.

నేను ఓవర్సీరు పరీక్ష ప్యాసై వచ్చిన కొత్త. ప్లాను గీసే పని నాకు ఇచ్చారు. పోయినవారి పేర్ల బోర్డు రాసే పని కూడా. అనంతపురం ఆఫీసు నుంచి వచ్చిన జాబితాలో ఏడో పేరు చిన్నాయనది. తీసుకుపోయి నాయనకు చూపించాను.

"రాసేయ్. అమ్మకు చదువు రాదు గదా, ఆమెకేం తెలుస్తాది" అన్నాడు.

అక్షరం ఎత్తు రెండు అంగుళాలు, వరుసకూ వరుసకూ మధ్య అంగుళమున్నర. రాశాను. రాసిన పేర్లను సభలో గట్టిగా చదువుతారన్న సంగతి మా ఇద్దరికీ తోచలేదు.

హాలు తెరిచిన రోజు అవ్వ కూడా వచ్చింది. ఆమెకు అది ఇంకా చర్చే. కుర్చీ వేస్తే కాదని, ఒక కుర్చీని పక్కకు జరిపి, రెండో కిటికీ కింద బండ మీదే కూర్చుంది. సుబేదారుగారు ఒక్కొక్క పేరు చదివి కాసేపు ఆగేవారు. ఆరు పేర్లకు అందరూ మౌనంగా నిలబడ్డారు. ఏడో పేరు చదివారు.

"ఊర్లో లేడయ్యా, వస్తాడు" అంది అవ్వ.

వెనక ఎవరో, "ఏమంటాందబ్బా ముసలామె?" అన్నారు. సుబేదారుగారు కాగితం వైపు చూశారు. నా వైపు చూశారు. "సరేమ్మా" అని ఎనిమిదో పేరు చదివారు.

ఇంటికి వచ్చాక అవ్వ కాళ్ళు కడుక్కుంటూ నాయనను అడిగింది. "ఇంగా పదకొండు మందిని పిలిచిరి. ఒక్కరి ఇంటోళ్ళూ పలకలేదే. రాలేదా వాళ్ళు?"

"రాలేదమ్మా" అన్నాడు నాయన.

చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. నేను చేతికంటిన తెల్లరంగును కిరసనాయిలుతో తుడుచుకుంటున్నాను.

వారం తరువాత సుబేదారుగారు నన్ను పిలిపించారు. "ఏమబ్బా, ఆ పేరు తీసేద్దామా? రంగు పూస్తే పోతాది" అన్నారు. తీస్తే ఆరో వరుసకూ ఎనిమిదో వరుసకూ మధ్య ఐదు అంగుళాల ఖాళీ వస్తుందన్నాను. ఆయన, "ఉండనీలే. ఆమెను పలకనీ" అన్నారు. అప్పటి నుంచి ఏటా ఏడో పేరు దగ్గర ఆయన కొంచెం ఎక్కువసేపు ఆగేవారు. అవ్వ పలికేది. బోర్డు మీది మిగతావారి వితంతువులు తల వంచుకునేవారు. ఒక్కరూ ఆమెకు నిజం చెప్పలేదు. ఏడేళ్ళు అలా జరిగింది.

ఏడో ఏడు ఆమెను చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొస్తుంటే దారిలో ఆగింది. "నేను పోయినాక నువ్వు పలకల్లప్పా. పిల్చినప్పుడు ఇంటోళ్ళు ఎవురో ఒకరు పలకకుంటే గీత కొట్టేస్తారు" అంది. సరేనన్నాను.

ఆ చలికాలంలోనే అవ్వ పోయింది. ఏడాది గడిస్తే పలకడం సులువవుతుందనుకున్నాను. ఏడాది గడిస్తే ఇంకో ఏడాది వస్తుంది, అంతే. ఆమె పోయాక, ఈ ఏటితో కలిపి, ఆ పేరు నాలుగుసార్లు చదివారు. నాలుగుసార్లూ నేను హాల్లోనే ఉన్నాను. పలికింది ఒక్కసారి కూడా లేదు.