మామిడికాయలకు ముగ్గురం వెళ్లిన రోజు

మా అక్క నాకు తోడబుట్టినది కాదు. నాచారంలో మేము అద్దెకు దిగిన ఇంట్లో కింది వాటాలో ఉండేది. మా ఆయనకు రైల్వేలో ఉద్యోగం వచ్చి గుంటూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఈ ఊళ్లో నన్ను మొదట పలకరించిన మనిషి ఆమె. అప్పట్లో ఒక మందుల కంపెనీలో మాత్రలు ప్యాక్ చేసే పనికి వెళ్లేది. సాయంత్రం గేటు తీస్తూనే పైకి చూసి, "చెల్లె, చాయ్ వెట్టినవా?" అని కేకేసేది. ఆ కేక వినపడ్డాకే నేను పొయ్యి వెలిగించేదాన్ని.

ఏటా ఎండాకాలంలో పచ్చడి కాయలకు ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. ఆమె స్కూటీ నడిపేది, నేను వెనక కూర్చుని సంచులు పట్టుకునేదాన్ని. వాళ్లింట్లో అల్లం వెల్లుల్లి వేసిన తొక్కే పెట్టేవారు. ఆవపిండితో ఆవకాయ కలపడం నా దగ్గర నేర్చుకుంది. రెండేళ్ల కిందట ఉప్పల్లో ఫ్లాటు కొనుక్కుని వెళ్లిపోయినా, ఈ ఒక్క పనికి మాత్రం ఇద్దరం కలిసేవాళ్లం.

ఈ ఏడు ముందురోజు ఫోన్ చేసింది.

"రేపు మధ్యాహ్నం తయారుగుండు చెల్లె. కార్ల పోదాం."

"కారెక్కడిదక్కా?"

"మా పక్క ఫ్లాటామెది. ఆమె గూడ వస్తనన్నది. మస్తు మంచి పిల్ల."

మంచి పిల్ల అన్న మాట దగ్గరే నా మనసు ముడుచుకుంది. మర్నాడు కారు మా గేటు ముందు ఆగింది. ముందు సీట్లో అక్క. స్టీరింగ్ దగ్గర ముప్పై ఏళ్ల అమ్మాయి, నవ్వు ముఖం. సైనిక్‌పురిలో ఒక స్కూల్లో టీచరట, వేసవి సెలవులు. "నమస్తే అక్కా, మీ గురించి విన్న" అంది. నేను వెనక సీట్లో ఖాళీ టబ్బుకూ గోనె సంచులకూ మధ్య సర్దుకుని కూర్చున్నాను. ఏసీ హాయిగా ఉంది. హాయిగా ఉందని ఒప్పుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు.

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర అక్క, "చెల్లె, జర ఎడమకు తీస్కో" అంది. నన్నే అనుకుని తలెత్తాను. నా చేతిలో స్టీరింగ్ ఎక్కడుంది?

మెట్రో పిల్లర్ల అవతల కాయలు కుప్పలు పోసి ఉన్నాయి. అక్క ఒక కాయ తీసుకుని, గోరు గుచ్చి, కొరికి చూసి ఆ అమ్మాయికి ఇచ్చింది.

"సూడు, పులుపు గిట్ల నషాలానికెక్కాలె. టెంక ముదిరిందే తీస్కోవాలె. టెంక లేని ముక్క ఊకెనే మెత్తవడ్తది."

ఒక్క మాట కూడా పొల్లు పోలేదు. అన్నీ నేను చెప్పినవే. నేను మా వైపు యాసలో చెప్పాను, ఆమె తన యాసలో చెబుతోంది, అంతే తేడా.

"ఇవన్నీ ఎట్ల నేర్చుకున్నరక్కా?" అని ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసి అడిగింది.

ఇప్పుడైనా నన్ను చూపిస్తుందనుకున్నాను. అక్క, "చేస్త ఉంటే అదే వస్తది తీ" అని ఇంకో కాయ అందుకుంది.

కాయలు ముక్కలు కొట్టిస్తుండగా ఒకావిడ బస్సు దిగి, అక్కను చూసి చేతులు చాచుకుంటూ వచ్చింది. మందుల కంపెనీలో అక్కతో కలిసి పనిచేసినావిడట. ఇద్దరూ నడిరోడ్డు మీద గట్టిగా వాటేసుకున్నారు. ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నువ్వెప్పుడు జెప్పే చెల్లె ఎవరే వీళ్లల్ల?" అని అడిగింది.

"ఇద్దరు చెల్లెండ్లే" అంది అక్క నవ్వుతూ.

ఇద్దరిలో ఎవరూ కాదన్నా అంత బాధపడేదాన్ని కాదేమో.

అక్కడి నుంచి పాత ఉప్పల్లో అక్కావాళ్ల పెద్దమ్మ ఇంటికి వెళ్లాం. అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుపోయిన పెంకుటిల్లు అది. వాకిట్లో మునగ చెట్టు, దాని నీడన నులక మంచం, మూలన కట్టేసిన మేక. పెద్దమ్మ మాకు చల్లటి మజ్జిగ ఇచ్చింది. గాలి మెల్లగా వీస్తోంది. ఎండలో తిరిగి వచ్చిన ఒంటికి అంతకంటే ఏం కావాలి? ఆ మధ్యాహ్నం నిజంగా బాగుంది. నాకే అనుభవించే యోగం లేకపోయింది.

ఆ అమ్మాయి వచ్చీ రాగానే పెద్దమ్మ పక్కన నేల మీద చతికిలబడి, చేటలోని మునగాకు దూయడం మొదలుపెట్టింది. దూస్తూనే పెద్దమ్మ మోకాళ్ల నొప్పి గురించి, మేక ఈనే నెల గురించి అడిగింది. నేను ఎన్నో ఏళ్లుగా ఆ ఇంటికి వస్తున్నాను. ఎప్పుడూ కుర్చీలోనే కూర్చున్నాను. ఆ సంగతి అప్పుడే తోచింది.

"బంగారమసొంటి పిల్ల" అని పెద్దమ్మ ఆమె తల నిమిరి, మునక్కాయల కట్ట ఒళ్లో పెట్టింది. తర్వాత నాకూ ఒకటిచ్చింది. ఎవరి కట్ట లావుగా ఉందో చూసుకున్నాను. నా వయసు మనిషి చేయవలసిన పనేనా అది? అయినా చూశాను. ఆమెదే లావు.

చివరగా నాచారం వచ్చి, మిరపకాయలు పట్టించడానికి గిర్నీకి వెళ్లాం. యంత్రం తిప్పగానే ఘాటు గుప్పుమంది. ఆ అమ్మాయి తుమ్ములు ఆపుకోలేక, ముక్కుకు చున్నీ కట్టుకుని కార్లోకి పరిగెత్తింది. అక్కా నేనూ మిగిలాం.

"ఏంది, అప్పటి సంది మూతి గట్ల వెట్టినవ్?" అంది అక్క.

"ఏం లేదు."

"ఏం లేకుంటే మాట్లాడవేంది?"

"మీరిద్దరూ మాట్లాడుకోవడం అయితే కదా నాకు వంతొచ్చేది!"

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఓయమ్మో, కుళ్లుకుంటున్నవా?" అని పగలబడి నవ్వింది. గిర్నీ ఆయన కూడా తలతిప్పి చూశాడు.

"ఆవకాయ మా చెల్లి దగ్గర నేర్చుకున్నానని ఒక్క మాట చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అన్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటు ఉండబట్టి బతికిపోయాను.

అక్క నవ్వు ఆపేసింది. "నువ్వు ఆడనే ఉన్నవ్ గద చెల్లె. ఇంటి మనిషిని గూడ యాదికి దెచ్చుకొని జెప్పాల్నా?" అంది. యంత్రం కింద సంచి సర్దింది. మళ్లీ తనే అంది: "ఆ అపార్ట్‌మెంట్ల అందరి తలుపులు ఎప్పుడు మూసే ఉంటయి. కొత్తల నేను పగలంత టీవీ వెట్టుకొని ఏడ్శేదాన్ని. ఓనాడు ఈ పిల్లనే తలుపు కొట్టి, చాయ్ పత్తి ఉన్నదా అని అడిగింది. నువ్వు నాచారంల ఉంటివి. నాకు ఓ మనిషి వద్దా?"

ఆమె ఏడ్చిందని నాకు తెలియదు. ఫోన్ చేసినప్పుడల్లా కొత్త ఇల్లు ఎలా ఉందని అడిగాను గానీ, ఆమె ఎలా ఉందని ఎన్నడూ అడగలేదు. కారం సంచి మూతి కట్టాను.

ఆవకాయ మా ఇంట్లోనే కలిపాం. "సూడు, ఈమెనే నాకు గురువు. పొద్దున్నుంచి నేను జెప్పిందంత ఈమె ముచ్చటనే" అని అక్క అవసరానికి మించి గట్టిగా చెప్పింది. నాకు సిగ్గేసింది. ఆ అమ్మాయి నిజంగానే సంతోషించి, నేను చెప్పినట్టల్లా ఆవపిండీ కారమూ కలిపింది. చేయి బాగుందని చెప్పక తప్పలేదు.

జాడీలకు ఎత్తాక, టబ్బులో అంటుకున్న పిండిలో వేడన్నం కలిపి అక్క ముద్దలు పెట్టింది. మొదటి ముద్ద ఎవరికిస్తుందా అని చూశాను. ఆ అమ్మాయికిచ్చింది. అక్క మాటలతో గిర్నీ దగ్గర సగం తగ్గిన మంట మళ్లీ రాజుకుంది.

తర్వాతి వారం ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. "అక్కా, మీ దిక్కు పుంటికూరను గోంగూర అంటరు గద. ఆ పచ్చడి నాకు నేర్పుతరా? ఉప్పల్ అక్కకు రాదంట." రమ్మన్నాను. వచ్చింది. నేల మీదే కూర్చున్నాం, ఇద్దరం. వరంగల్‌లో వాళ్లమ్మ గురించి, ఇంకా పిల్లలు పుట్టలేదని ఎత్తిపొడిచే అత్తగారి గురించి చెప్పింది. ఆమెను నేనెందుకు తిట్టుకున్నానో ఒక గంటపాటు గుర్తే రాలేదు.

పచ్చడి దించుతుండగా అక్క ఫోన్.

"ఆ పిల్ల నీ దగ్గర ఉన్నదట గద" అంది. గొంతు మారింది. "నాకు ఒక్క మాటన్న జెప్పలే."

"చెప్పేదేముందక్కా, నువ్వు ఇంటి మనిషివే కదా" అన్నాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పచ్చడి చల్లారి, టీ మరిగేలోగా కింద స్కూటీ ఆగిన చప్పుడయింది. అక్క మెట్లెక్కి వచ్చి, మా ఇద్దరి మధ్యా జరిగి కూర్చుని, గోంగూర వేలితో తీసి నాలుక మీద వేసుకుంది.

"ఉప్పు తక్కువైంది" అంది.

ఉప్పు సరిగ్గానే ఉంది.